ఉద్యోగాలు రెండు ఊళ్ళలో, ఇల్లు ఎక్కడ?

ప్రశ్న: మేము విజయవాడ పటమటలో అద్దెకు ఉంటున్నాం. మావారు ఆటోనగర్‌లో లారీ విడిభాగాల హోల్‌సేల్ కొట్టులో లెక్కలు చూస్తారు. ఉదయం తొమ్మిదిన్నర నుంచి రాత్రి ఎనిమిది వరకు పని, ఆదివారం ఒక్కటే సెలవు. నేను నాలుగు నెలల క్రితం గుంటూరు కొత్తపేటలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేరాను. ఒక వారం ఉదయం ఎనిమిది నుంచి మధ్యాహ్నం రెండు వరకు, మరుసటి వారం రెండు నుంచి రాత్రి ఎనిమిది వరకు డ్యూటీ. బాబు ఏడో తరగతి, పాప మూడో తరగతి. ఇద్దరి జీతాలూ కలిపి 60,000 రూపాయలు. మెయింటెనెన్సుతో కలిపి ఇప్పుడు 18,000 అద్దె కడుతున్నాం, జూన్ నుంచి 20,500 ఇవ్వమని ఇంటాయన అన్నారు. 12,000 లోపు ఇంటి కోసం పోరంకి, కంకిపాడు, నున్న, మంగళగిరి, నంబూరు చూశాం. తెనాలిలో మా అత్తగారు సొంత ఇంట్లో ఒంటరిగా ఉంటున్నారు, అక్కడికే వచ్చేయమంటారు. నంబూరులో 42 లక్షలకు ఒక ఫ్లాటు ఉంది, తొమ్మిది లక్షల దాకా దాచుకున్నారు కదా, అద్దె కట్టే బదులు కొనేయండని బ్రోకరు వెంటపడుతున్నాడు. మేమేం చేస్తే మంచిది?
— ఒక సోదరి, విజయవాడ

సమాధానం:

సోదరీ,

అద్దెలు, జీతాలు, డ్యూటీ వేళలు అన్నీ మీరు వివరంగా రాశారు. అందువల్ల నేను ఊహించుకుని చెప్పవలసింది తక్కువే. అయితే మీ ఉత్తరంలో ఒక్క సంగతి లేదు. మీకు మధ్యాహ్నం డ్యూటీ పడిన వారం, సాయంత్రం నాలుగున్నరకు పిల్లలు బడి నుంచి వస్తే తలుపు తీసేది ఎవరు? మీరు పన్నెండున్నరకే బయలుదేరి వెళ్ళిపోతారు, రాత్రి తొమ్మిదిన్నరకు గాని ఇల్లు చేరరు. మీవారు ఎనిమిదికి కొట్టు నుంచి బయటపడతారు. అంటే నెలలో సగం రోజులు ఏడో తరగతి పిల్లవాడు మూడో తరగతి చెల్లెలిని కనిపెట్టుకుని దాదాపు నాలుగు గంటలు ఇంట్లో ఉండాలి. ఏ ప్రాంతమన్న ప్రశ్నకు నేను ఈ సాయంత్రం వైపు నుంచే జవాబు వెతుకుతాను. అద్దె ఆ తరువాతి మాట.

ఇద్దరి ఉద్యోగాలు రెండు ఊళ్ళలో ఉన్న కుటుంబాలు మ్యాపు ముందు పెట్టుకుని నడిమధ్య ఊరిని ఎంచుకోవడం చూస్తుంటాం. విజయవాడకూ గుంటూరుకూ మధ్య దూరం 35 కిలోమీటర్ల చిల్లర కాబట్టి, సగం దూరంలో ఇల్లు తీసుకుంటే ఇద్దరికీ న్యాయం జరిగినట్టే అనిపిస్తుంది. ఆ లెక్కలో పిల్లలు ఎక్కడా ఉండరు. పెద్దవాళ్ళు గంట ప్రయాణం ఓర్చుకోగలరు, బస్సులో కునుకు తీయగలరు, ఆలస్యమైతే ఫోను చేసి చెప్పగలరు. ఎనిమిదేళ్ళ పాప మాత్రం బడి బస్సులో గంట వెళ్ళి గంట వస్తే, సాయంత్రం ఆటకూ హోంవర్కుకూ దేనికీ ఓపిక మిగలదు. కాబట్టి ఇంట్లో అందరి ప్రయాణాల్లోకీ పిల్లల ప్రయాణమే చిన్నదిగా ఉండాలి, వీలైతే నడిచి వెళ్ళే దూరంలో బడి ఉండాలి. మిగిలిన దూరాన్ని పెద్దవాళ్ళిద్దరూ పంచుకోవాలి. నా సలహా అంతా దీని మీదే నిలబడి ఉంది.

ముందుగా మీ జాబితాలో నుంచి తీసేయదగ్గవి చెబుతాను. పోరంకి, కంకిపాడు బందరు రోడ్డు మీది ప్రాంతాలు. తాడిగడప మున్సిపాలిటీ అయ్యాక పోరంకి వైపు వసతులు పెరిగాయి, బడులకు కొదవ లేదు, మీవారికి ఆటోనగర్ దగ్గర. మీరు గుంటూరులో చేరకముందైతే పోరంకి తీసుకోమనే చెప్పేవాడిని. ఇప్పుడు మీరు అక్కడి నుంచి ఉదయం ఎనిమిది డ్యూటీకి వెళ్ళాలంటే బందరు రోడ్డు మీదుగా బెంజ్ సర్కిల్ చేరి, అక్కడి నుంచి బస్టాండుకో కృష్ణ మీది వారధికో వెళ్ళి, గుంటూరు బస్సు పట్టుకుని, గుంటూరులో దిగాక మళ్ళీ కొత్తపేటకు ఆటో ఎక్కాలి. ఆరు గంటలలోపే గడప దాటాలి, రాత్రి డ్యూటీ దిగి ఇల్లు చేరేసరికి పది దాటుతుంది. కంకిపాడు అయితే మరింత దూరం. అద్దెలో మిగిలే డబ్బుకు మీ ఒళ్ళు హూనమవుతుంది, ఏడాది తిరిగేలోపు ఉద్యోగం మానేయడం తప్ప దారి కనబడదు.

నున్న వైపు అద్దె తక్కువన్నది నిజమే. అక్కడికి వెళ్ళే దారి సింగ్‌నగర్, పాయకాపురం మీదుగా ఉంటుంది కాబట్టి బుడమేరు సంగతి ఆలోచించక తప్పదు. బుడమేరు మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరులో కలిసే వాగు. వెలగలేరు దగ్గర రెగ్యులేటరు కట్టి, వరద వచ్చినప్పుడు ఆ నీటిని మళ్ళింపు కాలువలో కృష్ణకు పంపే ఏర్పాటు చేశారు. కృష్ణ కూడా అదే రోజుల్లో నిండుగా పారుతుంటే ఆ నీరు నదిలోకి దిగలేక వెనక్కి తంతుంది. 2024 సెప్టెంబరు మొదటి వారంలో జరిగింది అదే. ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది, బుడమేరు మళ్ళింపు కాలువకు గండ్లు పడ్డాయి, సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట వంటి చోట్ల జనం రోజుల తరబడి డాబాల మీద గడిపారు. ఆ ప్రాంతాలన్నిటినీ వదిలేయమని నేను అనను, లక్షల మంది అక్కడే బతుకుతున్నారు, వాళ్ళ పిల్లలూ అక్కడే చదువుకుంటున్నారు. కానీ తల్లిదండ్రులిద్దరూ ఊళ్ళో లేని వేళ పిల్లలు ఒంటరిగా ఉండే మీ ఇంటికి మాత్రం ఆ వైపు తగదు. వరద రోజున వారధి ఇవతల మీరు, అవతల పిల్లలు చిక్కుకుపోయే పరిస్థితిని చేజేతులా తెచ్చుకోవద్దు.

ఈ జాగ్రత్త ఎక్కడ ఇల్లు చూసినా అవసరమే. కృష్ణకు గుంటూరు వైపు ఒడ్డున తాడేపల్లి, ఉండవల్లి దగ్గరా పల్లపు వీధులు ఉన్నాయి, కొండవీటి వాగు నీళ్ళు చేరే చోట్లు ఉన్నాయి. ఇల్లు చూడడానికి వెళ్ళినప్పుడు కాంపౌండు గోడను కింది నుంచి పైదాకా ఒకసారి చూడండి. కొత్త సున్నం వేసినా, పాత నీటి చార ఉన్నచోట గోడ పెచ్చులు లేచి, రంగు పొంగి, చేత్తో రాస్తే పొడి రాలుతుంది. కరెంటు మీటరు పెట్టె మిగతా వీధిలో కన్నా ఎత్తులో బిగించి ఉంటే ఎందుకని అడగండి. ఇంటివాళ్ళను అడగడం కన్నా కింది వాటాలో అద్దెకున్నవాళ్ళనో, వీధి చివరి కిరాణా కొట్టులోనో అడిగితే నిజం తెలుస్తుంది.

ఇక నంబూరు. అక్కడి అపార్టుమెంట్లు చూడముచ్చటగా ఉంటాయి, గాలీ వెలుతురూ పటమట కన్నా మేలు, నాగార్జున విశ్వవిద్యాలయం పక్కనే, రైల్వే స్టేషనూ ఉంది. ఇద్దరి ఉద్యోగాలూ గుంటూరు వైపే అయితే నంబూరో పెదకాకానో నేనే చూపించేవాడిని. మీ ఇంట్లో ఆ వెసులుబాటు లేదు. పైగా జాతీయ రహదారిని ఆనుకుని లేచిన కాలనీల్లో పిల్లలు దేనికైనా పెద్దవాళ్ళ బండి మీద ఆధారపడాలి. బడికి బస్సు, ట్యూషనుకు బండి, ఒక నోటు పుస్తకం అయిపోతే దానికీ బండే. సర్వీసు రోడ్డు దాకా సైకిలు మీద వెళ్తానని మీ బాబు అడిగితే మీకు గుండె ఆగినంత పని అవుతుంది. బజారు, బడి, డాక్టరు, ఆటస్థలం నాలుగు వీధుల్లోపల దొరికే పాత ఊరు ఈ వయసు పిల్లలున్న ఇంటికి ఎంతో నయం.

అందుకే మంగళగిరి తీసుకోండి అంటున్నాను. అయితే మంగళగిరి అంటే ఇప్పుడు రెండు ఊళ్ళు. హైవే వెంబడి, ఎయిమ్స్ వైపు పెరిగిన అపార్టుమెంట్ల ఊరు ఒకటి. లక్ష్మీనరసింహస్వామి గాలిగోపురం చుట్టూ, గౌతమబుద్ధ రోడ్డు వెంట, స్టేషను దాకా ఉన్న చేనేతల ఊరు మరొకటి. ఎయిమ్స్, డీజీపీ కార్యాలయం, మరికొన్ని ప్రభుత్వ ఆఫీసులు వచ్చాక అద్దెలు పెరిగిన మాట వాస్తవమే, ఆ పెరుగుదల మొదటి ఊళ్ళోనే ఎక్కువ. మీరు రెండో ఊళ్ళో చూడండి. లిఫ్టు, జనరేటరు, పార్కింగు ఉన్న ఫ్లాటు కోసం పట్టుబట్టకుండా, ఇంటివాళ్ళు కింద ఉండి పై వాటా అద్దెకిచ్చే ఇండిపెండెంట్ ఇల్లు వెతికితే మీ 12,000లో దొరికే అవకాశం ఎక్కువ. మెయింటెనెన్సు ఖర్చూ ఉండదు. కింద మనుషులున్నారన్న ధైర్యం మీ పరిస్థితిలో డబ్బుతో కొలవలేనిది. ఫాల్గుణంలో రథోత్సవం రోజుల్లో వీధులు కిక్కిరిసిపోతాయి, బండి బయటికి తీయలేరు. అది తప్ప నాకు పెద్ద ఇబ్బందులేవీ కనిపించవు.

ప్రయాణాల లెక్క చూద్దాం. మంగళగిరి నుంచి తాడేపల్లి, వారధి, బెంజ్ సర్కిల్ మీదుగా ఆటోనగర్‌కు మీవారు బండి మీద సుమారు 15 కిలోమీటర్లు వెళ్ళాలి. నెలకు 26 పనిదినాలనుకుంటే రానూపోనూ 780 కిలోమీటర్లు. లీటరుకు 50 ఇచ్చే బండికి పదహారు లీటర్ల పెట్రోలు, అంటే 1,700 రూపాయల పైచిలుకు. మీరు ఉదయం బస్సులో గుంటూరు చేరడానికి 20 కిలోమీటర్ల పైన ఉంటుంది. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద మన రాష్ట్రంలో ఆడవాళ్ళకు పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో చార్జీ లేదు కాబట్టి, ఆధార్ కార్డు దగ్గరుంటే మీకు ఖర్చు ఉండదు. రెండు నగరాల మధ్య తిరిగే నాన్‌స్టాప్ సర్వీసులను మాత్రం లెక్కలో వేసుకోకండి. దారిలో ఎక్కే మీకు అవి పనికిరావు. పటమట నుంచి గుంటూరు వెళ్ళే ఇప్పటి ప్రయాణంతో పోలిస్తే, రోజుకు గంటన్నర మీకు మిగులుతుందని నా అంచనా. అద్దెలో జూన్ తరువాత 8,500 తేడా వస్తుంది, అందులో మీవారి పెట్రోలు పోయినా నెలకు ఆరు వేలకు పైన చేతిలో ఉంటుంది.

ఒక్క విషయంలో మీవారికి గట్టిగా చెప్పండి. రాత్రి ఎనిమిది తరువాత వారధి దాటి హైవే మీద లారీల మధ్య బండి నడపడం వానాకాలంలో ప్రమాదం. వాన పడే రోజుల్లో బండి ఆటోనగర్‌లోనే ఉంచి, వారధి దగ్గర గుంటూరు వైపు బస్సు ఎక్కి రావాలి. దాని వల్ల అరగంట ఆలస్యమైతే అవుతుంది.

ఇప్పుడు మీ అత్తగారి సంగతికి వస్తాను. మీరు ఆ మాటను ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు, కానీ మీ సమస్యకు సగం పరిష్కారం అక్కడే ఉంది. సాయంత్రం నాలుగున్నరకు తలుపు తీసే మనిషి ఆవిడ. మంగళగిరికీ తెనాలికీ దుగ్గిరాల మీదుగా బస్సులున్నాయి, ప్రయాణం గంటలోపే. మీ మధ్యాహ్నం డ్యూటీ వారాల్లో ఆవిడ మంగళగిరిలో మీ దగ్గర ఉండి, మిగతా వారాల్లో తన ఇంటికి వెళ్ళే ఏర్పాటు చేసుకుంటే, ఆవిడ తన ఇల్లూ తన ఇరుగుపొరుగూ వదులుకోనక్కర్లేదు. ఇది మీరు అడగవలసిన మాట కాదు, ఆవిడ కొడుకు వెళ్ళి, ఎదురుగా కూర్చుని అడగవలసిన మాట. పిల్లలను చూసుకోవడానికి మనిషి కావాలన్నట్టుగా కాకుండా, ఒంటరిగా ఉంటున్న తల్లికి ఇంట్లో ఒక గది ఇవ్వాలన్న ఉద్దేశంతో అడగాలి. అందుకే మీరు తీసుకునే వాటాలో రెండు గదులూ ఒక హాలూ తప్పనిసరి. బాత్‌రూము బయట ఉన్న ఇల్లు వద్దు. పై వాటా అయితే మెట్లు ఎలా ఉన్నాయో, పట్టుకోవడానికి రెయిలింగు ఉందో లేదో చూడండి. ఆవిడ మోకాళ్ళ పరిస్థితిని బట్టి కింది వాటా కోసం ఇంకో వెయ్యి ఎక్కువ ఇచ్చినా తప్పు లేదు.

ఆవిడ తెనాలి కదలనంటే? అప్పుడు మీరు తెనాలి వెళ్ళడమే మేలు. విజయవాడలో ఇన్నాళ్ళుండి ఇప్పుడు తెనాలి వెళ్తే నలుగురూ ఏమంటారో అన్న సంకోచం మీకుంటే దాన్ని పక్కన పెట్టండి. తెనాలి మద్రాసు మెయిన్ లైను మీద ఉన్న జంక్షను, విజయవాడకు 30 కిలోమీటర్లు, గుంటూరుకు 25. అటూ ఇటూ రోజూ వెళ్ళివచ్చే ఉద్యోగులు వేలల్లో ఉన్నారు. మంచి బడులూ కాలేజీలూ ఉన్న ఊరు. మీరు గుంటూరు వెళ్ళడానికి మంగళగిరి నుంచి పట్టేంత సమయమే కొంచెం అటూఇటూగా పడుతుంది. భారమంతా మీవారి మీద పడుతుంది. రైలు విజయవాడలో దింపుతుంది సరే, స్టేషను నుంచి ఆటోనగర్ చేరడం మరో ప్రయాణం. సీజన్ టికెట్టు మీద తిరిగేవాళ్ళలో చాలామంది పాత బండి ఒకటి స్టేషను స్టాండులో నెలవారీ లెక్కన ఉంచుకుంటారు, ఆయనా అలా చేయవలసి ఉంటుంది. సీజన్ టికెట్టుతో రిజర్వుడు బోగీ ఎక్కకూడదు, సూపర్‌ఫాస్టు ఎక్కాలంటే అదనపు రుసుము కట్టాలి. రాత్రి ఎనిమిదికి కొట్టు వదిలితే ఇల్లు చేరేసరికి తొమ్మిదిన్నర, రైలు లేటయితే పది. ఆరు రోజులు పిల్లలు నిద్రపోయాక తండ్రి ఇంటికి వస్తాడన్నమాట. అద్దె మొత్తం మిగిలినా అది చిన్న నష్టం కాదు. తెనాలిని నేను రెండో స్థానంలో ఉంచింది ఇందుకే. యజమానితో మాట్లాడి రాత్రి ఏడింటికి బయలుదేరే వీలు చేసుకోగలిగితే, లెక్కల పని కొంత ఇంటి దగ్గర నుంచి చేయగలిగితే, తెనాలి మంగళగిరితో సమానమవుతుంది.

ఫ్లాటు కొనడం గురించి. వద్దు, కనీసం రెండేళ్ళ దాకా వద్దు. మీ బ్రోకరు చెప్పని లెక్క ఇది. అప్పు 30 లక్షలు దాటితే బ్యాంకులు ఫ్లాటు విలువలో 80 శాతానికి మించి ఇవ్వకూడదు. 42 లక్షలకు అప్పు 33 లక్షల 60 వేలు వస్తుంది, 8 లక్షల 40 వేలు మీరు పెట్టుకోవాలి. మన రాష్ట్రంలో స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషను రుసుము కలిపి ఏడున్నర శాతం, అది 3 లక్షల 15 వేలు. రెండూ కలిపితే 11 లక్షల 55 వేలు. మీ దగ్గర ఉన్నది తొమ్మిది లక్షలు. మిగతా రెండున్నర లక్షలు చేబదులో బంగారం తాకట్టో పెట్టి తెచ్చుకోవాలి. ఆ తరువాత, ఎనిమిదిన్నర శాతం వడ్డీకి ఇరవై ఏళ్ళ వాయిదా నెలకు 29,000 దాటుతుంది. మీ ఇద్దరి జీతాల్లో దాదాపు సగం. ఈ 29,000తో పోల్చవలసింది 20,500 అద్దెను కాదు, మీరు మంగళగిరిలో కట్టబోయే 12,000ను. పైగా మీ ఉద్యోగానికి ఇంకా నాలుగు నెలలే.

రాజధాని వస్తోంది, ఎర్రుపాలెం నుంచి అమరావతి మీదుగా నంబూరుకు కొత్త రైలు మార్గం వస్తోంది, కాజ నుంచి చిన్న అవుటపల్లి దాకా విజయవాడ పశ్చిమ బైపాస్ వస్తోంది, ఇప్పుడు కొనకపోతే ఇక కొనలేరు అంటారు. ఇవన్నీ నిజమైన పనులే. 57 కిలోమీటర్ల ఆ రైలు మార్గానికి 2024 అక్టోబరులో కేంద్రం అనుమతి ఇచ్చింది కూడా. అయినా ఈ ప్రాంతపు ధరలు 2015 ప్రాంతంలో ఎలా ఎగిశాయో, 2019 తరువాత ఎలా చతికిలబడ్డాయో, 2024 నుంచి మళ్ళీ ఎలా లేచాయో ఇక్కడివాళ్ళందరూ చూసినదే. ఆ ఎత్తుపల్లాలను తట్టుకునేది మిగులు డబ్బు ఉన్నవాళ్ళు. మీది పిల్లల చదువుకూ అనారోగ్యానికీ దాచుకున్న డబ్బు. ముందు ముందు ఎక్కడ కొన్నా సీఆర్‌డీఏ (రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ) అనుమతి, రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నమోదు, ముప్పై ఏళ్ళ ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు, తాకట్లు చూపే పత్రం) చూడండి, సర్వే నంబరు రిజిస్ట్రేషను చేయకూడని 22ఏ నిషేధిత జాబితాలో లేదని సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో నిర్ధారించుకోండి. ఇందులో ఏ ఒక్క కాగితం చూపించడానికి తటపటాయించినా ఆ బేరం వదిలేయండి.

బడి విషయంలో ఆలస్యం చేయకండి. బాబు వచ్చే జూన్‌లో ఎనిమిదో తరగతికి వస్తాడు. మారడానికి ఇదే సరైన సమయం, ఇంకో ఏడాది ఆగితే తొమ్మిదిలో మార్చాలి, కొత్త బడికి అలవాటు పడడానికి పదికి ముందు ఒక్క ఏడాదే మిగులుతుంది కాబట్టి అప్పుడు ఆ ఆలోచనే కష్టమవుతుంది. పదో తరగతి దాకా ఉన్న బడిలోనే చేర్చండి, పాపనూ అక్కడే చేర్చండి. ఇద్దరూ కలిసి వెళ్ళి కలిసి రావడం మీకు ఎంత నిశ్చింతో వేరే చెప్పనక్కర్లేదు. బడి పేరును బట్టీ, గోడ మీద ర్యాంకుల ఫొటోలను బట్టీ నిర్ణయించకండి. ఒకరోజు సాయంత్రం బడి వదిలే వేళకు గేటు దగ్గర నిలబడండి. ఆటోల్లో పిల్లలను ఎంతమందిని ఎక్కిస్తున్నారో, రోడ్డు దాటించడానికి మనిషి ఉన్నాడో లేడో, చిన్న తరగతుల పిల్లలను ఎవరికి అప్పగిస్తున్నారో చూడండి. సాయంత్రం స్టడీ అవర్ ఉందా, ఉంటే అది అందరికీనా, కోరుకున్నవాళ్ళకేనా అని అడగండి. అత్తగారు రాలేని వారాల్లో ఆ గంటన్నర మీకు అక్కరకొస్తుంది. మంగళగిరి మున్సిపల్ హైస్కూళ్ళనూ చూడకుండా కొట్టేయకండి. నాలుగైదు చోట్లకు వెళ్ళి, ఎనిమిదో తరగతి పిల్లల నోటు పుస్తకాలు అడిగి చూస్తే, ఎక్కడ దిద్దుతున్నారో ఎక్కడ టిక్కు పెట్టి వదిలేస్తున్నారో మీకే అర్థమవుతుంది.

జిల్లా మారితే స్థానికత పోతుందేమోనన్న అనుమానం చాలామందికి ఉంటుంది, మీకూ ఉండవచ్చు. ఎన్టీఆర్ జిల్లా, గుంటూరు జిల్లా రెండూ ఉన్నత విద్య ప్రవేశాల్లో ఆంధ్ర విశ్వవిద్యాలయ ప్రాంతం కిందికే వస్తాయి కాబట్టి, ఈ మార్పు వల్ల పిల్లలకు నష్టమేమీ లేదు. ఇప్పటి బడిలో ఫీజు బాకీ లేకుండా చూసుకుని, టీసీ, స్టడీ సర్టిఫికెట్లు అడిగినప్పుడే యూడైస్‌లో (బడుల ఆన్‌లైన్ రికార్డులో) ఉన్న పిల్లల పెన్ నంబర్లు (ప్రతి విద్యార్థికీ ఇచ్చే శాశ్వత నంబర్లు) కూడా రాయించుకోండి. అక్కడ పేరూ పుట్టిన తేదీ ఆధార్‌తో సరిపోకపోతే కొత్త బడిలో చేర్చుకునేటప్పుడు తిప్పలు పడతారు.

ఇల్లు ఖాయం చేసే ముందు ఒక పని తప్పకుండా చేయండి. మీ ఉదయం డ్యూటీ వారంలో ఒక రోజు, మధ్యాహ్నం డ్యూటీ వారంలో ఒక రోజు, ఆ ఇంటి గుమ్మం నుంచే బయలుదేరినట్టు ప్రయాణం చేసి చూడండి. ఆదివారం కారులో వెళ్ళి చూస్తే ప్రతి ఊరూ దగ్గరగానే కనిపిస్తుంది. సోమవారం ఉదయం బస్సు కోసం ఎంతసేపు నిలబడ్డారు, సీటు దొరికిందా, గుంటూరులో దిగాక కొత్తపేట చేరడానికి ఎంత పట్టింది, అన్నీ కాగితం మీద రాసుకోండి. అంతకన్నా ముఖ్యం, రాత్రి ఎనిమిదికి డ్యూటీ దిగి వచ్చే ప్రయాణం. బస్సు మిమ్మల్ని ఊళ్ళో దింపుతుందా, హైవే మీద దింపి వెళ్ళిపోతుందా, దిగిన చోటు నుంచి ఇంటి దాకా వీధి దీపాలు వెలుగుతున్నాయా, దారిలో తెరిచి ఉన్న కొట్లు ఉన్నాయా అన్నది ఆ వేళకు నడిచి చూస్తేనే తెలుస్తుంది. హైవే పక్కన చీకట్లో పది నిమిషాలు నడవవలసిన ఇల్లయితే, అద్దె ఎంత తక్కువైనా నాకు ఇష్టం లేదు.

నీళ్ళ సంగతి ఇంటివాళ్ళు ఎప్పుడూ బాగానే చెబుతారు. కుళాయి మూతినీ, బాత్‌రూములో బకెట్టునూ చూడండి. తెల్లటి పొర గట్టిగా పేరుకుని ఉంటే బోరు నీళ్ళు ఉప్పన్నమాట, బట్టలు పాడవుతాయి, జుట్టు రాలుతోందని పాప గొడవ పెడుతుంది. కృష్ణా నీళ్ళ కుళాయి ఉందా, ఎన్ని రోజులకొకసారి, ఏ వేళకు వస్తుంది అని పక్కింటివాళ్ళను అడగండి. మీరిద్దరూ ఇంట్లో లేని వేళ నీళ్ళు వస్తే సంపు ఉండి తీరాలి. అద్దె కాగితం పదకొండు నెలలకు రాసుకుంటారు కదా, అందులో ఏడాదికి ఎంత పెంచుతారో, అడ్వాన్సు ఎప్పుడు తిరిగి ఇస్తారో, ఖాళీ చేసేటప్పుడు రంగుల ఖర్చు ఎవరిదో ముందే రాయించండి. పటమటలో 18,000 ఒక్కసారిగా 20,500 అయింది అలాంటి మాట కాగితం మీద లేకపోవడం వల్లే అయి ఉంటుంది.

చివరగా మీ ఉద్యోగం. ఏ ఇంటికీ అడ్వాన్సు ఇవ్వకముందే, ఆసుపత్రిలో నర్సింగ్ సూపరింటెండెంటు గారిని కలిసి, ఉద్యోగం పర్మనెంటు చేసేది ఎప్పుడో, పిల్లల కారణంగా ఉదయం డ్యూటీనే ఇచ్చే వీలుందో లేదో అడగండి. ఉదయం డ్యూటీ ఖాయమైతే మూడున్నరకల్లా మీరే ఇంట్లో ఉంటారు, అత్తగారు సౌకర్యాన్ని బట్టి వచ్చి వెళ్ళవచ్చు. ఏప్రిల్ నెలాఖరులోగా ఆసుపత్రి నుంచి స్పష్టమైన మాట రాకపోతే, తొందరపడి ఇల్లు మారకండి. పటమట ఇంటాయనతో కూర్చుని, పెంపును వెయ్యికో పదిహేను వందలకో తగ్గించమని అడిగి, అక్కడే ఉండండి. అలాంటప్పుడు బాబును ఎనిమిదిలో మార్చలేరు కాబట్టి, పది అయ్యేదాకా ఆ బడిలోనే ఉంచాలని ఇప్పుడే నిర్ణయించుకోండి. పటమట నుంచి మీరు పడే ప్రయాణం ఆ మూడేళ్ళూ తప్పదు కాబట్టి, ఆ పక్షంలో విజయవాడ ఆసుపత్రుల్లో ఉద్యోగం వెతకడం మొదలుపెట్టడమే మంచిది.